ఆడియో కేబుళ్ల సమీక్షలు మన ఇంటి స్టీరియోకు ఎంతవరకు వర్తిస్తాయి?

(నల్లగొండలో సంగీతాభిమానుల ఆదివారపు సమావేశంలో విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, ఒకప్పుడు నా తరగతిలో కూర్చుని ఇవాళ మళ్లీ నా మాట వినడానికి వచ్చిన పాత విద్యార్థులకు నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను; అంతకన్నా ఎక్కువ కాలంగా ఇంట్లో స్టీరియో పెట్టుకొని పాటలు వింటున్నాను. ఈ రెండూ కలిసే చోటు గురించి మాట్లాడమని పిలిచినందుకు నాకు సంతోషంగా ఉంది. వచ్చేటప్పుడు మీ ఇంటి స్పీకర్ వైరు జానెడు ముక్క తెమ్మని ముందే కబురు చేశాను. తెచ్చినవారు దాన్ని దగ్గర పెట్టుకోండి, చివర్లో దానితో పని ఉంది.

ఈ ప్రసంగానికి మూలం నా పాత విద్యార్థి ఒకరు అడిగిన ప్రశ్న. అతను ఫోనులో ఒక కేబుల్ సమీక్ష చూపించాడు. ఆ కేబుల్ బిగించగానే గాయకుని గొంతు ముందుకు వచ్చి నిలబడిందని, మృదంగం బిగువుగా పలికిందని, పాట వెనుక ఉన్న మసక తొలగిపోయిందని అందులో రాశారు. దాని వెల అతని యాంప్లిఫయర్ వెలకు దాదాపు సమానం. "సార్, ఇది కొంటే మా ఇంట్ల కూడా ఇట్లనే వినిపిస్తదా?" అని అడిగాడు. ఆ కేబుల్ మంచిదా కాదా అన్నది అతని సందేహం కాదు. తన ఇంట్లో, తన యాంప్లిఫయర్‌కు, తన స్పీకర్లకు ఏమవుతుందన్నదే సందేహం. సమీక్షలు చదివే ప్రతి ఒక్కరూ అడగవలసిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం. సమీక్షకుడు అబద్ధం చెప్పాడని అనుమానించనక్కరలేదు. తన గదిలో తాను విన్నది విన్నట్టు రాసినా, అది మన గదికి వర్తించకపోవచ్చు.

ఈ మాట నల్లగొండ వారికి వివరించడం తేలిక. ఫ్లోరైడ్ నీటిని శుద్ధి చేయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన విధానానికి మన ఊరి పేరే పెట్టారు. 'నల్లగొండ పద్ధతి' అంటే నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, తేరుకోనిచ్చి, పైతేట తీసుకోవడం. అందులో పటిక ఎంత వేయాలన్నది నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, క్షారత్వం ఎంత ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది. పక్క ఊరి బోరుకు సరిపోయిన మోతాదును మన బోరు నీళ్లకు కొలత లేకుండా వేస్తే ఫలితం రాదు. పద్ధతి తప్పని దాని అర్థం కాదు, నీళ్లు వేరు. కేబుల్ కూడా అటువంటిదే. దానికి సొంత గొంతు లేదు. ఒక చివర ఉన్న పరికరం, మరో చివర ఉన్న పరికరం, ఈ రెండింటి విద్యుత్ లక్షణాల మధ్య అది ఎంత అడ్డు పడుతుందో, ఎంత పడదో అన్నదే దాని పని అంతా.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే దానివల్ల మరో ఇద్దరు డబ్బు ఖర్చు పెట్టారు. సుమారు ఇరవై ఏళ్ల కింద హైదరాబాదు కోఠీకి వెళ్లి, అప్పట్లో నా స్తోమతకు మించిన స్పీకర్ కేబుల్ కొని తెచ్చాను. ఆ రాత్రే పాతది తీసేసి కొత్తది బిగించాను. తబలాలో ఎడమచేతి డగ్గా శబ్దం అంతకుముందు ఎన్నడూ లేనంత నిండుగా వినిపించింది. గాయని గొంతు రెండు స్పీకర్ల నడుమ కచ్చితంగా ఒకచోట నిలిచింది. రెండేళ్ల పాటు కనిపించిన వారందరికీ ఆ కేబుల్ గొప్పతనం చెప్పాను. నా మాట మీద ఇద్దరు మిత్రులు అదే కేబుల్ కొన్నారు. వారికి ఏ తేడా కనబడలేదు. వారికి వినడం చేతకాదేమోనని నేను లోలోపల అనుకున్నాను కూడా.

ఆ తరువాత మరో గదిలో వాడుకుందామని పాత వైరు చుట్ట బయటికి తీశాను. అందులోని రెండు తీగలలో ఒకదాని మీద సన్నని గీత ఉంటుంది. అది ఎరుపు టెర్మినల్‌కు వెళ్లాలి. ఎడమ స్పీకర్ వైరు రెండు చివరలకు నేను అంటించుకున్న కాగితపు గుర్తులు సరిగ్గానే ఉన్నాయి. కుడి స్పీకర్ వైరుకు ఒక చివర గుర్తు గీత ఉన్న తీగ మీద, రెండో చివర గీత లేని తీగ మీద ఉంది. అంటే అన్నేళ్లూ ఒక స్పీకరు ముందుకు నెట్టినప్పుడు రెండోది వెనక్కి లాగుతూ ఉండింది. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పొడవైన తరంగాలు గదిలో ఇట్లా ఒకటి నెడుతూ, ఒకటి లాగుతూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి, అందుకే మంద్రస్థాయి పలచబడింది. కొత్త కేబుల్‌కు ఎరుపు, నలుపు రంగులు స్పష్టంగా ఉండడంతో ఈసారి సరిగ్గా బిగించాను. నేను విన్న తేడా నిజమైనదే, నా చెవి నన్ను మోసగించలేదు. దానికి నేను చెప్పుకున్న కారణమే తప్పు. ఆ ఇద్దరు మిత్రులకు తరువాత ఈ సంగతి చెప్పి క్షమాపణ అడిగాను.

సమీక్షలు చదివేటప్పుడు ఈ ఉదంతం నా మనసులో మెదులుతూనే ఉంటుంది. కేబుల్ మార్చడమంటే కేబుల్ ఒక్కటే మారడం కాదు. చిలుము పట్టిన రాగి కొసలు పోయి తళతళలాడే కొత్త కొసలు వస్తాయి. వదులైన మర బిగుస్తుంది. పరికరాలను కలిపే ఆర్‌సీఏ పిన్ను తీసి పెట్టడంలోనే లోపలి పొర కొంత రాపిడికి శుభ్రమవుతుంది. స్పీకరు జరిపి వైరు పెట్టి తిరిగి సర్దినప్పుడు అది గోడకు బెత్తెడు దూరమో దగ్గరో అవుతుంది. ఈ మార్పులన్నింటి ఫలితాన్నీ సమీక్ష కేబుల్ ఖాతాలో రాస్తుంది. అందుకే పాత తీగను కూడా కొసలు కత్తిరించి, గీకి, కొత్తగా బిగించి విన్న తరువాతే పోల్చానని ఎవరైనా రాస్తే, ఆ మనిషి మాటకు నేను విలువ ఇస్తాను.

ఇప్పుడు లెక్కల్లోకి వెళ్దాం. స్పీకర్ వైరులో అన్నింటికన్నా ముఖ్యమైనది నిరోధం, అంటే విద్యుత్తుకు తీగ పెట్టే అడ్డు. ఒక మీటరు పొడవు, 1 చదరపు మిల్లీమీటరు మందం (అడ్డంగా కోసిన చోటి వైశాల్యం) ఉన్న రాగి తీగ నిరోధం దాదాపు 0.017 ఓములు. మన బజారులో 14/76, 40/76, 70/76 అని అడిగి తెచ్చుకునే వైర్లలో మొదటి అంకె పోగుల సంఖ్య. రెండోది ఒక్కో పోగు వ్యాసం, అంటే 0.0076 అంగుళాలు. ఆ లెక్కన 14/76 మందం దాదాపు 0.4 చదరపు మిల్లీమీటర్లు, 40/76 ది 1.2, 70/76 ది 2. యాంప్లిఫయర్ నుంచి స్పీకరుకు 5 మీటర్లు అనుకుంటే, పోను రాను 10 మీటర్ల రాగి. 14/76 వాడితే దారిలో 0.42 ఓములు, 70/76 వాడితే 0.085 ఓములు పడతాయి.

స్పీకరు వెనుక 8 ఓములు అని రాసి ఉంటుంది గానీ అది నామమాత్రపు అంకె. అసలు ఇంపిడెన్స్, అంటే స్పీకరు విద్యుత్తుకు చూపే మొత్తం అడ్డు, స్వరాన్ని బట్టి మారుతుంది. ఒక స్పీకరులో అది ఒకచోట 4 ఓములకు దిగి, మంద్రస్థాయి అనునాదం దగ్గర 30 ఓములకు ఎక్కుతుందనుకోండి. 14/76 వైరుతో 4 ఓముల దగ్గరి స్వరాలు దాదాపు 0.9 డెసిబెల్ (శబ్దం గట్టిదనానికి కొలమానం) తగ్గుతాయి. 30 ఓముల దగ్గరివి 0.1 మాత్రమే తగ్గుతాయి. అంటే పాటలో ఒక భాగం మరో భాగంతో పోలిస్తే ముప్పావు డెసిబెల్ కుంగుతుంది. శ్రద్ధగా వినేవారికి ఇది తెలిసే అవకాశం ఉంది. 70/76 తో ఆ తేడా 0.16 డెసిబెల్ దగ్గరికి పడిపోతుంది. కాబట్టి సన్నని వైరు తీసేసి లావు వైరు వేసిన సమీక్షకుడు తేడా విన్నానంటే నేను నమ్ముతాను. మీ ఇంట్లో ఇప్పటికే 70/76 ఉంటే, లేదా ఇంటి వైరింగులో మిగిలిన రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేసుకుని ఉంటే, అతనికి కలిగిన మేలు మీకు ఇదివరకే కలిగింది. మళ్లీ కొనుక్కోవడానికి ఏమీ మిగలలేదు. వెండి తీగ గురించి గొప్పగా రాస్తారు. వెండి రాగి కన్నా సుమారు 6 శాతం మెరుగైన వాహకం. అంటే 70 పోగుల వెండి తీగ చేసే పనిని దాదాపు 74 పోగుల రాగి తీగ చేస్తుంది. ఆక్సిజన్ లేని రాగి అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే గుణం వాహకతలో తెచ్చే లాభం 1 శాతం ప్రాంతం.

ఆ సమీక్షకుడు వాల్వ్ యాంప్లిఫయర్ (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో పనిచేసేది) వాడుతున్నాడా అన్నది కూడా చూడాలి. అటువంటి యాంప్లిఫయర్ల బహిర్గమన ఇంపిడెన్స్, అంటే సంకేతం బయటికి వెళ్లేచోట పరికరం తానే చూపే అడ్డు, ఒకటి రెండు ఓములు ఉండడం సాధారణం. 2 ఓములే ఉంటే, ఇందాకటి స్పీకరుతో స్వరానికీ స్వరానికీ మధ్య దాదాపు 3 డెసిబెల్ తేడాను ఆ యాంప్లిఫయరే తెచ్చిపెడుతుంది. అక్కడ కేబుల్ తెచ్చే పిసరంత తేడా గురించి రాసిన వాక్యం, ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ ఉన్న మన ఇంటికి ఏ సమాచారమూ ఇవ్వదు.

కేబుల్ నిజంగా స్వరాన్ని మార్చే చోటు ఒకటుంది, అది గ్రామఫోన్ రికార్డులు వినేవారికి సంబంధించింది. రికార్డు మీది సూది కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లో తీగచుట్ట స్వయం ప్రేరకత్వం అర హెన్రీ దాకా ఉండవచ్చు. టర్నుటేబుల్ నుంచి ప్రీయాంప్లిఫయర్ (ఆ బలహీన సంకేతాన్ని మొదట పెంచే పరికరం) దాకా వచ్చే కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవ చేసుకునే గుణం), ప్రీయాంప్లిఫయర్ సొంత కెపాసిటెన్స్ కలిసి ఆ చుట్టతో ఒక అనునాద వలయం ఏర్పరుస్తాయి. మొత్తం 200 పికోఫారడ్లు ఉంటే అనునాదం దాదాపు 16,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 400 ఉంటే 11,000 హెర్ట్జ్‌కు దిగివస్తుంది. తాళాల మెరుపు, వీణ తీగ మీటిన క్షణపు పదును, 'స'కార 'శ'కారాల ఒరిపిడి అన్నీ ఆ ప్రాంతపువే. మీటరుకు 100 పికోఫారడ్ల కేబుల్‌కూ, అంతకు మూడింతలున్న కేబుల్‌కూ అక్కడ తేడా తప్పక వినబడుతుంది. అయితే గమనించండి: తన ప్రీయాంప్లిఫయర్‌లో కెపాసిటెన్స్ తక్కువగా ఉన్న సమీక్షకునికి ఎక్కువ కెపాసిటెన్స్ కేబుల్ సరిగ్గా అమరి, ఆయన దాన్ని మెచ్చుకోవచ్చు. అదే కేబుల్ మన ఇంట్లో, ఇప్పటికే ఎక్కువ కెపాసిటెన్స్ ఉన్న ప్రీయాంప్లిఫయర్ ముందు, గొంతును గరుకుగా చేయవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతారు, అయినా ఒకరి మాట మరొకరికి పనికిరాదు. కార్ట్రిడ్జ్ తయారీదారు ఎన్ని పికోఫారడ్లు ఉండాలని చెప్పాడో ఆ కాగితం చూసి, కేబుల్ అంకె, ప్రీయాంప్లిఫయర్ అంకె కూడుకోవడం పది సమీక్షలు చదవడం కన్నా మేలు. సీడీ ప్లేయర్ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే మీటరు పొడవు కేబుల్ విషయంలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే సీడీ ప్లేయర్ బహిర్గమన ఇంపిడెన్స్ తక్కువ. వంద ఓముల దగ్గర కెపాసిటెన్స్ ప్రభావం వినికిడి హద్దుకు ఎంతో పైన ఉండిపోతుంది. డిజిటల్ కేబుళ్లు అంకెలను చేరవేస్తాయి. చేరాయా లేదా అన్నదే అక్కడ చూడవలసింది, చేరకపోతే టక్కుటక్కుమనడమో, ఆగిపోవడమో స్పష్టంగా తెలుస్తుంది.

ఇక వినే మనిషి సంగతి. కొత్త వస్తువు వెల తెలిసి, రూపు చూసి, దాని మీద ఆశ పెట్టుకొని విన్నప్పుడు మనసు చెవికి తోడవుతుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, మనిషి వినికిడి తీరే అంత. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు నలభై మంది శ్రోతలకు స్పీకర్లను ఒకసారి కనబడేలా, మరోసారి తెర చాటున వినిపించారు. కంటికి కనబడినప్పుడు ఇచ్చిన మార్కులు, కనబడనప్పుడు ఇచ్చిన మార్కులు ఒకటి కాలేదు. స్పీకర్ల మధ్య తేడాలు కేబుళ్ల మధ్య తేడాల కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. అక్కడే కన్ను అంత ప్రభావం చూపిస్తే కేబుళ్ల దగ్గర ఎంత చూపుతుందో మీరే ఊహించండి. దీనికి తోడు రెండు శబ్దాల సూక్ష్మ భేదం మన జ్ఞాపకంలో కొద్ది క్షణాలే నిలుస్తుంది. పాత కేబుల్ తీసి, కొత్తది బిగించి, మళ్లీ కుర్చీలో కూర్చునేసరికి అయిదు నిమిషాలు గడుస్తాయి. పైగా ఒకటి రెండోదాని కన్నా అర డెసిబెల్ గట్టిగా ఉంటే చెవికి అది గట్టిగా ఉన్నట్టు తోచదు, మెరుగ్గా ఉన్నట్టు తోస్తుంది.

దీనికి విరుగుడు ఇంట్లోనే ఉంది. 1935లో రొనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త తేనీటి ఉదాహరణతో దీన్ని చూపించాడు. కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో రుచి చూసి చెప్పగలనని ఒక మహిళ అంటే, ఎనిమిది కప్పులు, నాలుగు అట్లా, నాలుగు ఇట్లా, వరుస తెలియకుండా అందించాలన్నాడు. ఊహతో అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1. శబ్దానికి ఇదే పద్ధతి వర్తించే పరికరాన్ని, పరీక్ష విధానాన్ని 1982లో డేవిడ్ క్లార్క్ ఆడియో ఇంజనీర్ల పత్రికలో వివరించాడు. మా ఇంట్లో పరికరం లేదు. మా అమ్మాయి, ఒక రూపాయి బిళ్ల ఉన్నాయి. యాంప్లిఫయర్ ముందు దుప్పటి వేలాడదీశాం. ముందుగా 200 హెర్ట్జ్ స్వరం మోగించి, స్పీకరు టెర్మినల్స్ దగ్గర మల్టీమీటరుతో వోల్టేజీ కొలిచి, రెండు కేబుళ్లతోనూ ఒకే అంకె వచ్చేలా చూసుకున్నాం, 2.00 వోల్టుల దగ్గర 0.02 తేడా కన్నా ఎక్కువ ఉండకూడదు. నేను పక్క గదిలోకి వెళ్లేవాణ్ని. ఆమె బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే కోఠీ కేబుల్, బొరుసు పడితే 70/76 బిగించి, పాత నోటు పుస్తకంలో రాసుకొని, నన్ను పిలిచే ముందే తాను వంటింట్లోకి వెళ్లిపోయేది, తన ముఖం చూసి నేను గ్రహించకుండా. పదిసార్లు చేశాం. తొమ్మిది సరిగ్గా చెప్పి ఉంటే నేను నిజంగా వింటున్నానని ఒప్పుకోవచ్చు, ఎందుకంటే ఊహతో తొమ్మిదో పదో సరిపడే అవకాశం నూటికి ఒకటి. నాకు సరిపడ్డవి ఆరు. ఆ ఆరు చెప్పినప్పుడూ, తప్పిన నాలుగు చెప్పినప్పుడూ నాకు ఒకే ధీమా ఉంది. ఆ నోటు పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

సమీక్షకుడు ఇట్లా విని రాశాడా అని చూడండి. చాలామంది అట్లా వినరు. అదీగాక సమీక్షకు కేబుళ్లు పంపేది, పత్రికకు ప్రకటనలు ఇచ్చేది చాలాసార్లు ఒకే కంపెనీలు. నూరు గంటలు వాడితే గానీ కేబుల్ అసలు స్వరం బయటపడదని రాస్తే, ఆ నూరు గంటల్లో వాపసు గడువు దాటిపోతుందన్నది గుర్తుంచుకోండి. ఆ వ్యవధిలో రాగి మారడం కన్నా మన అలవాటు మారడమే ఎక్కువ.

మన ఇళ్ల విషయం కూడా చెప్పాలి. మనవి సిమెంటు గోడలు, స్లాబు కప్పు, కింద తాండూరు బండలో గ్రానైటో. 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర నిలకడ తరంగం ఏర్పడి, ఒక కుర్చీలో బాస్ దద్దరిల్లుతుంది, మూడు అడుగులు జరిగితే మాయమవుతుంది. ఈ తేడా పది డెసిబెల్ దాటవచ్చు. కింద జంపఖానా పరిచి, కిటికీకి మందపాటి తెర వేసి, స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపితే కలిగే మార్పు ముందు మనం ఇప్పటిదాకా లెక్కవేసిన భిన్నాలు నిలవవు. గుయ్యిమనే హమ్ శబ్దం వస్తే చాలామంది ఖరీదైన పవర్ కేబుల్ సమీక్షలు వెతుకుతారు. పాలమూరు, నల్లగొండ రాతి నేలల్లో ఎర్త్ గుంత ఎండాకాలం ఎండిపోతుంది. దానిలో నీళ్లు పోయించి, ఎర్త్ తీగ బిగువుగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఆ తరువాత టీవీ కేబుల్ పెట్టె కనెక్షన్ ఒకసారి ఊడదీసి చూడండి. హమ్ ఆగితే అది రెండు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల వస్తున్నదన్నమాట. వేల రూపాయల పవర్ కేబుల్ దాన్ని ఆపలేదు.

కొనుగోలుదారులు రాసే చిన్న చిన్న అభిప్రాయాల గురించి ఒక హెచ్చరిక. "వైరు లావుగా ఉంది, గట్టిగా ఉంది" అని అయిదు నక్షత్రాలు ఇస్తారు. లావు పైనున్న ప్లాస్టిక్‌ది కావచ్చు. అంతకన్నా పెద్ద మోసం అల్యూమినియం తీగకు రాగి పూత పూసి అమ్మడం. దాని నిరోధం అంతే మందం రాగి తీగకు ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. ఇక్కడే ఒక దుకాణంలో నేను అడిగినప్పుడు "అసలు కాపరే సార్, చూడుండ్రి ఎట్ల మెరుస్తున్నదో" అన్నాడు అబ్బాయి. అతను అబద్ధమాడాడని నేను అనుకోను; అతనికి పైనుంచి చెప్పింది అదే. ఇంటికి వచ్చి ఒక్క పోగు తీసి, బల్ల మీద పెట్టి, బ్లేడు అంచుతో మెల్లగా గీశాను. ఎర్రని పొర కింద తెల్లని లోహం బయటపడింది. అసలైన రాగి ఎంత గీసినా ఎర్రగానే ఉంటుంది. ఏ సమీక్షా చెప్పని ఈ సంగతి ఒక బ్లేడు అర నిమిషంలో చెప్పింది.

అదిగో, ఆ కిటికీ పక్క బల్ల మీద బ్లేడు, భూతద్దం, మల్టీమీటరు పెట్టాను. మీరు తెచ్చిన వైరు ముక్కలు తీసుకొని ఒక్కొక్కరుగా రండి. ముందు పోగులు లెక్కపెడదాం, ఆ తరువాత గీసి చూద్దాం.